మాత్ర వేసుకున్న రోజుల లెక్క

నాకు 18వ ఏట మొదలైన పార్శ్వపు నొప్పి 68వ ఏట కూడా నన్ను పూర్తిగా విడిచిపెట్టలేదు. మా అమ్మ దీన్ని ఒంటి కణత నొప్పి అనేది. ఆయుర్వేదంలో దీని పేరు అర్ధావభేదకం. మైగ్రేన్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా సగం తల అనే అర్థం. పేరు ఏదైనా, నొప్పి వచ్చిన రోజున ఎడమ కణతలో పోటు, వికారం, వెలుతురు చూడలేకపోవడం, పక్క గదిలో గిన్నె చప్పుడైనా భరించలేకపోవడం ఇన్నేళ్ళలో మారలేదు. మారినది నా శరీరం. 30వ ఏట నిశ్చింతగా మింగిన మాత్రలను 60 దాటిన తరువాత కూడా అంతే నిశ్చింతగా మింగాను. దాని వల్ల ఏం జరిగిందో, అందులోనుంచి ఎలా బయటపడ్డానో నా వయసు వాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను.

రాజమహేంద్రవరంలో డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం బోధించాను. ఆ రోజుల్లో నెలకు రెండు మూడు సార్లు, ఎక్కువగా నెలసరికి ముందు, నొప్పి వచ్చేది. మా అమ్మ శొంఠికొమ్మును సానరాయి మీద అరగదీసి నుదుటికి పట్టు వేసి, కిటికీ తలుపులు మూసి, చీకట్లో పడుకోబెట్టేది. లేకపోతే అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ లేపనమే తరువాత ఆంధ్రపత్రికకు ఆర్థికంగా అండ అయిందని మా నాన్నగారు ఎంతో గౌరవంగా చెప్పేవారు. ఇటువంటి లేపనాలలోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని గ్రహించే నాడీ గ్రాహకాలను తట్టిలేపుతుంది. నొప్పిని పూర్తిగా తీసివేయకపోయినా కొంత మరపిస్తుంది. ఈ రెండింటినీ నేను ఇప్పటికీ వదులుకోలేదు. మాత్రలలాగా అవి కడుపుకూ, మూత్రపిండాలకూ భారం కావు.

52వ ఏట నెలసరి ఆగింది. హార్మోన్ల ఎగుడుదిగుళ్ళు సద్దుమణిగిన తరువాత చాలామంది స్త్రీలలో ఈ నొప్పి తగ్గుతుంది; నాకూ నాలుగైదేళ్ళు దాదాపుగా లేదనే చెప్పాలి. పదవీ విరమణ తరువాత మాత్రం అది వేరే రూపంలో తిరిగి వచ్చింది. పోటు లేదు, వాంతి లేదు. తెల్లవారి లేచేసరికి తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు ఒక బరువు, మాత్ర పడితే గాని పని మొదలుపెట్టలేని స్థితి. మధ్యాహ్నానికి మళ్ళీ అదే బరువు, మళ్ళీ మాత్ర. ఇది నా పాత జబ్బే ముదిరిందని అనుకున్నాను.

నా మందుల డబ్బాలో అప్పుడు మూడు రకాల నొప్పి మాత్రలు ఉండేవి. పారాసిటమాల్ 650 నేనే కొనుక్కున్నది. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర మోకాళ్ళ నొప్పికి ఒక ఎముకల డాక్టరు అయిదు రోజులకు రాసినది. ఆ చీటీతోనే మూడేళ్ళు కొన్నాను. ఎర్గోటమైన్, కెఫీన్, పారాసిటమాల్ కలిసిన మాత్ర ఎప్పుడో పాత కుటుంబ వైద్యుడు పార్శ్వపు నొప్పికి ఇచ్చినది. ఇవి కాక రోజూ రక్తపోటుకు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. ఎవరి చీటీ వారిది. అన్నింటినీ ఒకచోట పెట్టి చూసినవారు లేరు, నేను చూపించనూ లేదు. మందుల షాపులో అడిగినదల్లా ఒకటే: "అమ్మా, ఒక షీటా, రెండు షీట్లా?"

రెండేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి భోగికి పాత సామాను తీస్తూ బీరువా అడుగున ఖాళీ షీట్లు గుట్టగా ఉండడం చూసింది. "అమ్మా, ఇవన్నీ నువ్వే వేసుకున్నావా?" అని అడిగిన దాని గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. పండుగ వెళ్ళగానే నరాల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన తల నొప్పి ఎలా ఉంటుందని ఎక్కువగా అడగలేదు. "నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకుంటున్నారమ్మా? ఎన్ని మాత్రలని కాదు, ఎన్ని రోజులని అడుగుతున్నాను" అన్నారు. అక్కడే కూర్చుని వేళ్ళ మీద లెక్కపెడితే 22 తేలింది.

మాత్రల వల్లనే తలనొప్పి రావడం అనే జబ్బు ఒకటి ఉందని నాకు ఆ రోజు వరకు తెలియదు. తలనొప్పుల వర్గీకరణకు వైద్యులు ప్రామాణికంగా చూసే అంతర్జాతీయ పట్టిక మూడవ కూర్పు 2018లో వచ్చింది. దానిలో దీనికి విడిగా స్థానం ఉంది. ముందునుంచీ తలనొప్పి ఉన్న మనిషికి నెలలో 15 రోజులు, అంతకు పైగా తల నొప్పి ఉంటూ, ఆ మనిషి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి సాధారణ మాత్రలను నెలకు 15 రోజులు గాని, ఎర్గోటమైన్, ట్రిప్టాన్లు (పార్శ్వపు నొప్పికే ప్రత్యేకించిన మాత్రలు), కెఫీన్ వంటివి కలిపిన మిశ్రమ మాత్రలు, నల్లమందు జాతి మందులను నెలకు 10 రోజులు గాని, అంతకు మించి గాని, మూడు నెలలకు పైబడి వాడుతూ ఉంటే ఈ జబ్బును అనుమానించాలి. రోజుకు ఒకే మాత్ర వేసుకున్నా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే ఇక్కడ మోతాదుకన్న రోజులే ముఖ్యం. మందుకు అలవాటుపడిన మెదడు, దాని ప్రభావం తగ్గుతున్నకొద్దీ నొప్పిని రేపుతుంది; ఆ నొప్పికి మళ్ళీ మాత్ర వేస్తే మర్నాటి నొప్పికి మనమే విత్తనం వేసినట్టవుతుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవారి మెదడుకు ఈ స్వభావం ఎక్కువ. అదే మాత్రను కీళ్ళ నొప్పులకు రోజూ వేసుకునేవారికి, పూర్వం తలనొప్పి లేకపోతే, సాధారణంగా ఈ బెడద రాదు.

రక్త పరీక్షలో, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కొద్దిగా పెరిగి ఉంది. ఇది నన్ను తలనొప్పికన్న ఎక్కువగా కలచివేసింది, దానికి కారణం చెప్పాలి. మన దేశంలో రాబందులు 90 శాతానికి పైగా ఎలా అంతరించిపోయాయో ఏటా విద్యార్థులకు పాఠంగా చెప్పినదాన్ని నేను. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి వాటిని చంపింది. 2004 నాటికి ఆ సంగతి రుజువైంది, 2006లో పశువైద్యంలో ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. దానికి దగ్గరి చుట్టమైన ఎసిక్లోఫెనాక్‌ను కూడా, అది పశువుల ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారుతుంది గనుక, 2023లో పశువైద్యంలో నిషేధించారు. మనిషి మూత్రపిండం రాబందు మూత్రపిండమంత సున్నితం కాదు, ఆ పోలికను అక్షరాలా తీసుకోకూడదు. అయినా ఆ పాఠం చెప్పిన చేతితోనే మూడేళ్ళు ఆ మాత్ర మింగానన్న బాధ నాకు మిగిలే ఉంది.

డాక్టరు చెప్పిన వివరం ఇది. వయసుతో పాటు మూత్రపిండాల వడపోత శక్తి తగ్గుతుంది. టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మందు, నా మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి, మూత్రం ఎక్కువగా పోయేటట్టు చేసే మందు, ఎసిక్లోఫెనాక్ లేదా ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే మూత్రపిండంలో వడపోతకు కావలసిన రక్తపు ఒత్తిడి బాగా పడిపోవచ్చు. ఎండాకాలంలో వడదెబ్బో, విరేచనాలో తోడైతే హఠాత్తుగా దెబ్బతినవచ్చు. పైగా ఆ జాతి మాత్రలు రక్తపోటును పెంచుతాయి, కడుపులో పుండ్లు చేసి నెత్తురు కారేటట్టు చేస్తాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడే మావారికి కూడా ఆయన ఆ రోజు ఒక జాగ్రత్త చెప్పారు: ఐబుప్రొఫెన్ ముందుగా ఒంట్లో చేరితే ఆస్పిరిన్ తన పని చేయలేదు, అందువల్ల పంటి నొప్పికైనా సరే సొంతంగా వేసుకోకూడదు.

ఎర్గోటమైన్ మాత్ర ఆ రోజే మానిపించారు. అది రక్తనాళాలను బిగిస్తుంది. రక్తపోటు అదుపులో లేనివారికి, గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారికి అది తగదు. సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్లదీ అదే పరిమితి. 65 దాటినవారికి గుండె సంగతి చూడకుండా వాటిని రాయరు. చిన్నప్పుడు పడిన మందే కదా అనుకోవడం నా తప్పు.

మిగిలినది పారాసిటమాల్. మా వయసుకు అదే మొదటి ఆసరా, కాని దానికీ హద్దు ఉంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠమని అంటారు. తక్కువ బరువు ఉన్నవారికి, కాలేయం బాగాలేనివారికి అంతకన్న తక్కువే. నాకు 3 గ్రాములు దాటవద్దని చెప్పారు. జలుబు మాత్రలోనూ, మోకాలి మాత్రలోనూ కూడా పారాసిటమాలే ఉండవచ్చు, కనుక షీటు వెనకవైపు చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి అయినా చదవాలి. ఇంకొక సంగతి నాకు కొత్తగా తెలిసింది: అసలైన పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు సగం మాత్రతో సరిపెట్టి, ఓర్చుకుని, చివరికి వేసుకోవడం వల్ల మేలు లేదు. నొప్పి ముదిరితే కడుపు కదలిక మందగిస్తుంది, మందు ఒంటికి పట్టదు. కనుక తగిన మోతాదు మొదట్లోనే వేసుకోవాలి, అటువంటి రోజులు మాత్రం నెలలో కొద్దిగానే ఉండాలి.

మానడం తేలిక కాలేదు. మొదటి పది రోజులు నరకం చూశాను. నిద్ర లేదు, వికారం, ఇంట్లో అందరి మీదా చిరాకు. మూడవ రోజు రాత్రి మాత్ర ఇవ్వమని మావారిని బతిమాలాను. ఆయన ఇవ్వలేదు, తెల్లవార్లూ తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నారు. పన్నెండో రోజు ఉదయం కళ్ళు తెరిచినప్పుడు తలలో ఏ బరువూ లేదు. నేను వాడినటువంటి మాత్రలను ఒక్కసారి ఆపవచ్చు. నల్లమందు జాతి మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి.

నొప్పి రాకుండా రోజూ వాడే మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి మనిషి మనిషికీ మారుతాయి. నాకు పాత రక్తపోటు మాత్ర స్థానంలో కాండిసార్టాన్ ఇచ్చారు. అది రక్తపోటుకూ, పార్శ్వపు నొప్పికీ కూడా పనికివస్తుంది. ఇదే పనికి వాడే ఇతర మందులలో అమిట్రిప్టిలిన్ వల్ల పెద్దవారికి నోరెండిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగియడం, ఒక్కోసారి మతి తడబడడం కలుగుతాయి. ఫ్లూనారిజిన్ ఎక్కువ కాలం వాడితే చేతుల వణుకు, దిగులు రావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనొలాల్ తగదు.

మందుకు బయట చేసిన మార్పులు నాకు తక్కువ మేలు చేయలేదు. తలస్నానం వల్ల పార్శ్వపు నొప్పి రావడాన్ని మన దేశపు వైద్యులు ప్రత్యేకంగా గమనించి నమోదు చేశారు. పొడవైన తడి జుట్టును ముడి వేసుకుని పూజకు కూర్చునే అలవాటు ఉన్న నాకు అది అక్షరాలా నిజం. ఇప్పుడు ఎండెక్కిన తరువాత తలంటుకుని, పూర్తిగా ఆరాకనే లేస్తున్నాను. కార్తీక సోమవారాలు నక్షత్ర దర్శనం వరకు ఉండే ఉపవాసాన్ని పాలు, పండ్లతో జరుపుకుంటున్నాను. నన్ను ఎరిగిన దేవుడు దానికి కోపగించుకోడని నా నమ్మకం. కాఫీ రెండు పూటలా ఒకే వేళకు, రెండు కప్పులే. రోహిణీ కార్తెలో గొడుగు, మంచినీళ్ళు లేకుండా గడప దాటను.

ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. మా వదినకు 72వ ఏట, జీవితంలో మొదటిసారి, కణతలో నొప్పి వచ్చింది. "నీ నొప్పే నాకూ వచ్చింది" అని నాకు ఫోన్ చేసింది. తల దువ్వుకుంటే మాడు నొప్పి అనీ, అన్నం నములుతుంటే దవడ లాగుతోందనీ అనగానే నేను భయపడి అదే రోజు డాక్టరు దగ్గరికి పంపించాను. అది కణత దగ్గరి రక్తనాళం వాచే జబ్బు. యాభై దాటినవారికే వస్తుంది, ఆలస్యమైతే చూపు పోతుంది. ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షల అంకెలు బాగా పెరిగి ఉండడంతో ఆ పూటే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వదిన చూపు నిలిచింది. కాబట్టి యాభై తరువాత కొత్తగా వచ్చిన తలనొప్పిని, స్నానాల గదిలో జారి తల తగిలిన కొన్ని వారాలకు మొదలైన తలనొప్పిని, హఠాత్తుగా మాట తడబడడంతో గాని, చేయి బరువెక్కడంతో గాని వచ్చిన తలనొప్పిని పార్శ్వపు నొప్పి అని మనంతట మనం పేరు పెట్టుకోకూడదు. పార్శ్వపు నొప్పికి ముందు కనిపించే మెరుపు గీతలు కొన్ని నిమిషాల మీద మెల్లగా పాకుతాయి, పక్షవాతం సాధారణంగా ఒక్కసారిగా వస్తుంది; అయినా ఈ వయసులో ఆ తేడా తేల్చవలసినది ఆసుపత్రిలోనే.

ఇప్పుడు వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండరులో తిథి, వర్జ్యం పక్కన నా గుర్తులు ఉంటాయి. నొప్పి వచ్చిన రోజుకు ఎర్ర చుక్క, మాత్ర వేసుకున్న రోజుకు నల్ల గీత. నల్ల గీతలు నెలకు ఎనిమిది దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలని మేము పెట్టుకున్న నియమం. మూడు నెలలకు ఒకసారి ఆ కాగితాలనూ, మా ఇద్దరి మందుల షీట్లన్నీ వేసిన సంచినీ తీసుకువెళ్ళి ఆయన బల్ల మీద పెడతాను. క్రియాటినిన్ మునుపటి స్థాయికి దిగింది. పోయిన నెల కాగితంలో అయిదు ఎర్ర చుక్కలు, మూడు నల్ల గీతలు ఉన్నాయి; ఈ నెల పన్నెండు రోజులు గడిచాయి, ఇప్పటికి ఒకటే చుక్క, దాని పక్కన గీత లేదు.