స్టెనో స్కిల్ టెస్ట్‌లో ఎట్టకేలకు గట్టెక్కాను

నిన్న సాయంత్రం ఫలితాలొచ్చాయి. గ్రేడ్ డి స్టెనో (పై అధికారి చెప్పింది గబగబా రాసుకుని టైపు చేసిచ్చే ఉద్యోగం) జాబితాలో నా నంబరుంది. ఆ ఊపులోనే ఇది రాసేస్తున్నా.

రాతపరీక్ష గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. 200 ప్రశ్నలు, రెండు గంటలు, ప్రశ్నల్లో సగం ఇంగ్లీషే. పాత పేపర్లు ఓపిగ్గా చేసుకుంటే చాలు.

అసలు గండం స్కిల్ టెస్ట్. నిమిషానికి 80 మాటల చొప్పున పది నిమిషాలు డిక్టేషన్ ఇస్తారు. దాన్ని షార్ట్‌హ్యాండ్‌లో, అంటే వేగంగా రాసే గుర్తుల లిపిలో దించుకుని, తర్వాత 50 నిమిషాల్లో కంప్యూటర్ మీద ఇంగ్లీషులో టైపు చేసివ్వాలి. రోజూ కూర్చుంటే స్పీడు ఎవరికైనా వస్తుంది. రాసుకున్నదాన్ని తిరిగి ఇంగ్లీషు చేసేటప్పుడే కొంప మునిగేది.

ఎందుకంటే మేం నేర్చుకునే పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో స్పెల్లింగ్ రాయం, వినిపించిన శబ్దం రాస్తాం. వేగం పెరిగేకొద్దీ అచ్చులు కూడా వదిలేస్తాం. దాంతో అఫెక్ట్, ఎఫెక్ట్ ఒకేలా మిగులుతాయి. దత్తత తీసుకునే అడాప్టూ, పరిస్థితులకు సర్దుకునే అడాప్టూ అంతే. అడ్వైస్ చివర సీ ఉన్నా ఎస్ ఉన్నా, షార్ట్‌హ్యాండ్‌లో పడేది అదే చిన్న సున్న. ఇక కాలేజీ ప్రిన్సిపాల్‌కీ, సూత్రం అనే ప్రిన్సిపుల్‌కీ అయితే పుస్తకంలోనే ఒకే గుర్తు ఇచ్చారు!

నా పరువు పోయింది సరిగ్గా అక్కడే. ఇన్‌స్టిట్యూట్‌లో ఓ రోజు కోర్టు తీర్పు మీద డిక్టేషన్. సహజ న్యాయ సూత్రాలు అని రావాల్సిన చోట నా కాగితంలో చివర ఎల్ఈ బదులు ఏఎల్ పడింది. మాస్టారు కాగితం పైకెత్తి పట్టుకుని, "ఏమ్మా, ఈ కేసులోకి కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఎప్పుడొచ్చారు? సాక్ష్యం చెప్పడానికా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. అప్పుడే చేరిన ఇంటర్ పిల్లలు కూడా. అంతటితో ఆగారా? మామూలు స్పెల్లింగ్ తప్పుకి అర తప్పు, ఒక మాట బదులు ఇంకో మాట పడితే పూర్తి తప్పు అని, ఎర్ర పెన్నుతో పూర్తి తప్పు కింద కొట్టేసి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకి అంటించారు. వారమంతా అది అక్కడే వేలాడింది. ఆ రెండింటికీ తేడా ఉందని అంతకుముందు ఒక్క క్లాసులోనైనా చెప్పారా అంటే, లేదు. ఫీజు మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టాలి.

కంప్యూటర్ పట్టేస్తుందిలే అనుకునేవాళ్లకో మాట. స్పెల్‌చెక్ ఉన్నా ఇక్కడ ఎర్రగీత పడదు, అది కూడా సరైన మాటే కదా.

ఆ కసితో ఓ నోట్సు పెట్టాను. ఒకేలా వినిపించే మాటలన్నీ విడివిడిగా కాదు, వాక్యాల్లో రాసుకున్నా. డిక్టేషన్‌లో అఫెక్ట్ వినబడితే ముందు అచ్చు గుర్తు పెట్టేయడం చేతికి అలవాటు చేశా. పర్సనల్ (సొంత), పర్సొనెల్ (సిబ్బంది) లాంటివాటికి గుర్తులను నమ్ముకోకూడదు, అటూ ఇటూ ఉన్న మాటలు చూసుకోవాలి. తరచూ తప్పు పోయేవి ఇంకా ఉన్నాయి: అకామడేషన్‌లో రెండు సీలు, రెండు ఎంలు. అకరెన్స్‌లో రెండు సీలు, రెండు ఆర్‌లు. సెపరేట్‌లో పీ తర్వాత ఏ. మెయింటెనెన్స్‌లో టీ తర్వాత ఈ, అక్కడ ఏఐ పెట్టనివాళ్లని నేను చూడలేదు. కోర్టు కాగితాల్లో జడ్జిమెంట్‌కి జీ తర్వాత ఈ ఉండదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నా నోట్సుని, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు జిరాక్స్ తీయించుకున్నారు. గొప్ప కోసం చెప్పట్లేదు. సరే, గొప్ప కోసమే చెప్తున్నా.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు స్పీడు ఎంత చేయిస్తారని అడక్కండి. దిద్దిన కాగితాలు చూపించమనండి. తప్పు దగ్గర ఎందుకు తప్పో రాసుంటే చేరండి, ఒట్టి ఎర్రగీతలే ఉంటే వెనక్కి వచ్చేయండి.

పరీక్షలో 50 నిమిషాలు చాలా ఎక్కువనిపిస్తుంది, కానీ మొదటి పేరా దగ్గరే టెన్షన్‌తో సగం కరిగిపోతుంది. నేను అర్థంకాని చోట ఖాళీ వదిలి ముందుకెళ్లిపోయి, చివర్లో మిగిలిన టైమంతా ఈ జంట మాటల మీదే పెట్టాను. ఇక మిగిలింది సర్టిఫికెట్ల పరిశీలన. పదో తరగతి మెమోలో నాన్న పేరుకి ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకొకటి. రేపు పొద్దున్నే మీసేవకి పోవాలి.