పెరటి గోడ మీద చలికాలం

డిసెంబర్ చివరి ఆదివారం, సైనిక్‌పురి

నీటిరంగుల్లో చలికాలాన్ని ఎలా వేయాలో నేర్పే పాఠాలు దాదాపు అన్నీ మంచుతోనే మొదలవుతాయి. కాగితాన్ని తెల్లగా వదిలేయాలి, చెట్ల నీడలకు పల్చటి నీలం పూయాలి, ఆకులు రాలిన కొమ్మ మీద ఎర్రటి పిట్టనొకదాన్ని కూర్చోబెట్టాలి, అంతటితో చలికాలం సిద్ధమైపోతుంది. ఆ పాఠాల వల్ల నేను నేర్చుకున్నది చాలానే ఉంది కానీ, వాటితో హైదరాబాదు చలికాలాన్ని వేయడం మాత్రం కుదరదు. ఇక్కడ చలి అంటే తెల్లవారుజామున 13, 14 డిగ్రీలు, ఎండెక్కేసరికి విడిపోయే పొగమంచు, బాదం చెట్టు కింద ఎర్రబడి రాలిన పెద్దపెద్ద ఆకులు, వానలు వెళ్లిపోయిన నాటి నుంచి ఎవరూ కడగని దుమ్ము. ఈ ఊరి చలికాలంలో తెలుపు లేదు. ఉన్నదంతా మట్టిరంగు, దాని మీద ఏటవాలుగా పడే పసుపు వెలుగు. ఈ రోజు పొద్దంతా నేను ఆ మట్టిరంగుతోనే గడిపాను.

వెలుగు సంగతి ముందు రాసుకోవాలి, ఎందుకంటే ఈ నెలలో బొమ్మ కుదిరినా చెడినా దానివల్లే. డిసెంబర్ చివరి వారాల్లో మన ఊళ్లో సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఆగిపోతాడు. అందువల్ల మా తులసికోట నీడ పన్నెండింటికి కూడా దాదాపు కోట ఎత్తంత పొడుగున ఉత్తరంవైపు పడి ఉంటుంది. వేసవిలో నీడ వస్తువు కాళ్ల కింద దాక్కుంటుంది కాబట్టి గీయడానికి ఏమీ మిగలదు. చలికాలంలో రోజంతా నీడలు పరుచుకునే ఉంటాయి. పడమటి ప్రహరీ మీద పొద్దున్నే జామకొమ్మల నీడలు పడతాయి. మంచు మీది నీడ నీలంగా కనిపిస్తుందని పాఠం చెబుతుంది, అది నిజమే కావచ్చు; దుమ్ము పట్టిన రాతి మీది నీడ మాత్రం నీలం కాదు, వంకాయరంగులో కొంచెం గోధుమరంగు కలిసినట్టు ఉంటుంది. ఆ ఒక్క రంగు కుదిరితే చాలు, మిగతా బొమ్మ చలికాలంలోకి దానంతటదే వచ్చేస్తుంది.

ఇక ఆ గోడ మీదికి వచ్చే పిట్ట. ఇంగ్లీషులో దాన్ని బ్లాక్ రెడ్‌స్టార్ట్ అంటారు, తెలుగులో నూనెబుడ్డిగాడు అనే పాత పేరుంది, మా ఇంట్లో మాత్రం అది గోడపిట్ట. హిమాలయాల్లోనూ టిబెట్, మధ్య ఆసియా ఎత్తుప్రాంతాల్లోనూ పిల్లల్ని పెంచుకుని, అక్టోబర్ ప్రాంతంలో దక్కనుకు దిగి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయే ఈ పిట్ట బరువు సుమారు 15 గ్రాములు. అంత దూరం ఎగిరొచ్చిన ప్రాణి, ఇంత పెద్ద నగరంలో మా ప్రహరీలోని ఒకానొక రాయిని తనదిగా ఎంచుకుని, ఇంకో పిట్టను దాని మీద వాలనివ్వదు. మగపిట్ట నల్లగా, పొట్ట దగ్గర ముదురు నారింజరంగుతో చూడగానే ఆకట్టుకుంటుంది. మా పెరటిది ఆడది, ఒంటినిండా దుమ్మురంగే. కంటి చుట్టూ ఒక పల్చటి వలయం, తోక దగ్గర మాత్రం ఇటుకరంగు మెరుపు. బొమ్మలు వేసేవాళ్లు సాధారణంగా ఇలాంటి పిట్టను వదిలేసి లకుముకి పిట్ట వెంట, పాలపిట్ట వెంట పడతారు. నాకైతే ఈ దుమ్ముపిట్టే అసలైన పరీక్ష అనిపిస్తుంది. లకుముకి పిట్టకు ఆ మిలమిల నీలం సగం పని చేసిపెడుతుంది. దీనికి ఎవరూ ఏదీ చేసిపెట్టరు.

చలికాలం పక్షులంటే ఈ ఊళ్లో చాలామందికి అమీన్‌పూర్ చెరువే గుర్తొస్తుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన ఆ చెరువు మాకు నగరానికి ఆ చివరన ఉంది, అక్కడికి రాజహంసలు (ఫ్లెమింగోలు) వస్తాయి, ఆదివారం పొద్దున్నే పెద్దపెద్ద కెమెరాలు కూడా వస్తాయి. నేను కూడా వెళ్లి చూశాను, ఆనందించాను. అయితే చెరువు మధ్యలో గులాబీరంగు చుక్కల్లా కనిపించే పక్షులను వేయడం వేరు, పది అడుగుల దూరంలో కూర్చుని మనల్ని పట్టించుకోని పిట్టను వేయడం వేరు. రెండోదానిలో కన్ను తెలుస్తుంది, కాళ్లు రాతిని ఎలా పట్టుకున్నాయో తెలుస్తుంది, చలికి ఈకలు ఉబ్బించుకున్నప్పుడు మెడ ఎక్కడ మాయమవుతుందో తెలుస్తుంది.

పొద్దున పెరటి వరండాలో బల్ల వేసుకుని, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) నూలు కాగితాన్ని చెక్కకు టేపుతో అంటించి, ముందుగా గోడ మొదలుపెట్టాను. మా ప్రహరీ పాతకాలపు గ్రానైటు రాతిది. హైదరాబాదు కింద ఉన్న ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని చెబుతారు, కాబట్టి దాన్ని తొందరపడి వేయడం మర్యాద కాదు. అల్ట్రామెరైన్ నీలాన్ని బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగుతో కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది, అది చాలామందికి తెలిసిందే. ఈ మిశ్రమంలో నాకు నచ్చేది మరొకటి ఉంది: అల్ట్రామెరైన్ రేణువులు గరుకు కాగితపు గుంటల్లోకి దిగి అక్కడక్కడా కూడుకుని, ఆరాక రాతి మీది పలుకుల్లా కనిపిస్తాయి. గ్రానైటును కుంచెతో చుక్కలు పెట్టి అనుకరించనక్కర్లేదు, నీళ్లు ఎక్కువ పోసి పలకను కొద్దిగా వంచి వదిలేస్తే రంగే ఆ పని చేస్తుంది. అయితే దానికి ఓపిక కావాలి. ఏప్రిల్‌లో అయితే కుంచెను మళ్లీ ముంచేలోపు కాగితం ఎండిపోతుంది. ఇప్పుడు పొద్దుటి తేమకు పూత ఆరడానికి అర్ధగంట దాకా పడుతుంది, మధ్యలో ఇంకో తడి కుంచె తగిలితే అంచులు పాకి మరకలవుతాయి. ఆ అర్ధగంటలో కాఫీ తాగి, తలకు గుడ్డ చుట్టుకుని, ప్రహరీ మీద ఎండ కాచుకుంటున్న ఉడుతను చూస్తూ కూర్చున్నాను.

ఉడుత గురించి ఇక్కడ ఒక మాట. మొగలు, దక్కనీ సూక్ష్మచిత్రకారులు సన్నని గీతల కోసం ఉడుత తోక వెంట్రుకలతో కుంచెలు కట్టుకునేవారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ కాలపు చిత్రాల ముందు నిలబడి కనురెప్పల వెంట్రుకలను విడివిడిగా చూసినప్పుడల్లా ఆ తోకలే గుర్తొస్తాయి. మన కాలంలో ముంగిస వెంట్రుకల కుంచెలకూ గిరాకీ ఉండేది, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వ్యాపారం నేరం కాబట్టి అవి చాటుగా అమ్ముడయ్యేవి. మా పెరట్లో వారానికొకసారైనా తిరిగే ముంగిసను వేయడానికి ఇంకో ముంగిసను చంపి చేసిన కుంచె పట్టుకోవడం నావల్ల కాదు. ఇప్పుడు దొరికే సింథటిక్ కుంచెలు నీళ్లు కొంచెం తక్కువ పట్టుకుంటాయి, మొన మాత్రం నిలబడుతుంది. నాకు అది చాలు.

పిట్టను కూడా అదే నీలంతో, అదే సియెన్నాతో వేశాను. గోడకు నీలం ఎక్కువ, పిట్టకు సియెన్నా ఎక్కువ, కలిపే పాళ్లలోనే తేడా, తోక దగ్గర తప్ప కొత్త రంగేదీ తేలేదు. అలా చేస్తే పిట్ట ఆ గోడకు చెందినదిగా కనిపిస్తుంది, పైన అతికించినట్టుండదు. వీపు అంచును నీడలోకి కరగనిచ్చి, రొమ్మువైపు అంచు ఎండ తగిలే చోట మాత్రం స్పష్టంగా ఉంచాను. కన్ను చివర్లో వేశాను: నల్లటి గుండ్రం, అందులో సూదిమొనంత కాగితపు తెలుపు. ఆ తెలుపు పైవైపు ఎడమకు ఉంటే పిట్ట మేల్కొని ఉంటుంది, మధ్యలోకి జరిగితే బొమ్మ కన్నైపోతుంది. ఇక తోక దగ్గర నీలం అసలు కలపకుండా, సియెన్నాలో ఒక్క చుక్క నారింజరంగు వేసి పూశాను. చుట్టూ అన్నింటిలోనూ నీలం ఉండి అక్కడొక్కచోట లేకపోవడం వల్లనే ఆ ఇటుకరంగు వెలుగుతుంది.

అమ్మ వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. "మంచిగనే ఉంది గాని బిడ్డా, తోక ఊగుతలేదు గదా. ఆ పిట్టంటేనే తోక" అంది. విమర్శకులు పేజీలు రాసినా ఇంతకన్నా సూటిగా చెప్పలేరు. ఆ పిట్ట వాలగానే ఒకసారి కుంగి లేస్తుంది, వెంటనే తోక వణుకుతుంది; ఆ వణుకుతోనే దూరం నుంచి కూడా దాన్ని గుర్తుపడతాం. నిశ్చలమైన కాగితం మీద వణుకు రావాలంటే అంచులు ఒకేచోట ఉండకూడదు. తోక చివరను శుభ్రమైన తడి కుంచెతో రెండు పక్కలా మెత్తబరిచి, కొంత రంగును గుడ్డతో ఎత్తేసి, మిగిలిన దాని మీద ఆరిన కుంచెతో ఒక్క గీత తేల్చాను. అమ్మ మళ్లీ చూసి "ఆఁ, ఇప్పుడు జర్ర కదిలింది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర తిని, నేపథ్యం ఎంతవరకు వేయాలని ఆలోచించాను. 1777 నుంచి 1782 దాకా కలకత్తాలో మేరీ ఇంపే అనే ఆవిడ తన తోటలో పెంచిన పక్షులను, జంతువులను షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ అనే ముగ్గురు పట్నా చిత్రకారుల చేత వేయించింది. పెరటి ప్రాణులను నీటిరంగుల్లో వేసే మనలాంటి వాళ్లందరికీ ఆ ముగ్గురూ పెద్దలు. వాళ్ల పక్షులు ఎక్కువగా ఒక కొమ్మ మీద, వెనకాల ఏమీ లేని తెల్లకాగితం మీద కూర్చుంటాయి. ఒక్కొక్క ఈకనూ లెక్కపెట్టవచ్చు. ఆ పద్ధతిని ఎంత మెచ్చుకున్నా ఈ పిట్ట విషయంలో పాటించలేను. గోడ తీసేస్తే గోడపిట్ట మామూలు గోధుమరంగు పిట్టవుతుంది, ఏ ఊరిదో ఏ కాలానిదో తెలియదు. అందుకని గోడను పూర్తిగా ఉంచి, జామకొమ్మల నీడలను పిట్ట మీదుగా కూడా పోనిచ్చాను.

కంటిలోని ఆ చుక్కను పక్కనపెడితే బొమ్మలో తెలుపు వచ్చిన చోటు ఒక్కటే, తులసికోట ముందున్న ముగ్గు. ధనుర్మాసం కదా, అమ్మ వాకిట్లో రాతిపిండితో వేసినా పెరట్లో మాత్రం బియ్యప్పిండితోనే వేస్తుంది. ఆ పిండికి చీమలు వస్తాయి, చీమల కోసం గోడపిట్ట కిందికి దిగుతుంది, మళ్లీ గోడెక్కుతుంది. పిట్ట నాకు ప్రతిరోజూ ఒకే వేళకు కనిపించడానికి కారణం నా అదృష్టం కాదు, ఆ పిండే. ముగ్గు గీతలకు, కాగితానికి రంగు అంటకుండా కాపాడే మాస్కింగ్ ద్రవాన్ని పాత కలం పాళీతో పెట్టి, పైన మట్టిరంగు పూసి, బాగా ఆరాక వేలితో రుద్ది తీసేశాను. దాన్ని రోజుల తరబడి వదిలేస్తే కాగితం పొర కూడా ఊడి వస్తుంది, అందుకే సాయంత్రంలోపే ఆ పని ముగించాలి. గీతలను అక్కడక్కడా తెంపాను, ఎందుకంటే పది గంటలకల్లా చీమలు కొంత, ఉడుతలు కొంత తినేసి ఏ ముగ్గూ పూర్తిగా మిగలదు.

తేనెపిట్టను ఈసారి మొదలుపెట్టలేదు. జోడుకట్టే కాలం దాటాక మగపిట్ట తన ఊదా మెరుపు వదిలేసి, ఆడదానిలాగే పసుపుపొట్టతో, గొంతు నుంచి కిందికి ఒక నల్లటి చారతో తిరుగుతుంది. ఇప్పుడు మందార దగ్గరికి వస్తున్నది అలాంటిదే. ఆ చార పక్కన మెరుపు ఈకలు మచ్చలుమచ్చలుగా మొలుస్తున్నప్పుడు వేస్తే బాగుంటుంది, కాబట్టి మామిడి పూత దాకా ఆగుతాను.

తుది పూత ఆరిన తర్వాత అమ్మను అడిగాను, రేపటి నుంచి ముగ్గును కోట దగ్గర ఆపకుండా గోడ మొదలు దాకా పొడిగించమని; అప్పుడు పిట్ట ఎండలోకి దిగుతుంది, నేలమీద దాని నీడ కూడా దొరుకుతుంది. "నీ పిట్ట కోసం గోడ దాక ముగ్గు వెయ్యాల్నా? వేస్త గాని, సంక్రాంతికి రథం ముగ్గుల రంగులు నింపుడు నీదే" అంది. ఒప్పుకున్నాను. పసుపుకూ గులాబీకీ మధ్య తనకేది కావాలో చెప్పమంటే, "నువ్వు మట్టిరంగు మాత్రం వెయ్యకు" అంది.