పదకొండో నిమిషం జబ్బు: వాలరెంట్ కోసం చవక ల్యాప్‌టాప్ వేట, తాజా సంగతులు

వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతుంటే పదకొండు నిమిషాల వరకు సగటున 190 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు). ఆ తర్వాత ఎదురుగా మనిషి కనబడి గురి పెట్టేలోపే తెర బిగుసుకుపోతుంది. రెండు మూడు సెకన్లు 20 ఎఫ్‌పీఎస్, మళ్లీ 190. సుమారు 40 సెకన్లకు ఇంకోసారి అదే తంతు. ఆట ఆపేదాకా వదలదు. ర్యాంక్డ్ మ్యాచ్ 30–40 నిమిషాలు నడుస్తుంది కాబట్టి, పదకొండు నిమిషాల ల్యాప్‌టాప్ ఎందుకూ కొరగాదు.

పరీక్షలో ఉన్న యంత్రం: కోర్ ఐ5-12450హెచ్, ఆర్‌టీఎక్స్ 3050 4 జీబీ (గరిష్ఠ పవర్ 60 వాట్లు), 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 144 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ తెర, 52 వాట్-అవర్ బ్యాటరీ, 20 వోల్ట్, 6 ఆంప్ ఛార్జర్. కంపెనీ పేరు అనవసరం. ఈ జబ్బు ఏ కంపెనీ చవక మోడల్‌కైనా రావచ్చు.

ఈ కాన్ఫిగరేషన్‌నే ఎంచుకోవడానికి కారణం తేలికే. లో సెట్టింగ్స్‌లో వాలరెంట్ గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు ప్రాసెసర్‌నే పిండేస్తుంది. అందుకే తక్కువ బడ్జెట్‌లో మంచి ప్రాసెసర్, ఓ మోస్తరు కార్డు చాలు. ఇంకో మాట: ఈ గేమ్ 2025 జూలైలో అన్‌రియల్ ఇంజిన్ 5కి మారింది. అంతకుముందు తీసిన బెంచ్‌మార్క్ వీడియోల్లోని అంకెల్ని ఇప్పటి వాటితో పోల్చి ల్యాప్‌టాప్ కొనకండి.

మొదటి అనుమానం ర్యామ్ మీదే. రెండో 8 జీబీ స్టిక్ వేసి డ్యూయల్ ఛానెల్ చేస్తే సగటు 148 నుంచి 191కి, 1 శాతం లో (అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) 71 నుంచి 112కి ఎగబాకాయి. ఇది మాత్రం ఎవరైనా కళ్లు మూసుకుని చేయాల్సిన పని. బిగుసుకుపోవడం మాత్రం అలాగే ఉంది.

నెట్ కాదు: పింగ్ 34 దగ్గర నిలకడగా ఉంది, ప్యాకెట్ లాస్ సున్నా. పైగా ఒంటరిగా ఆడే ప్రాక్టీస్ రేంజ్‌లోనూ ఇదే జరుగుతోంది. డ్రైవర్‌ని పూర్తిగా తీసేసి కొత్తగా వేసినా, మెమరీ ఇంటిగ్రిటీ అనే విండోస్ భద్రతా సదుపాయం ఆపినా, గేమ్‌ని పీ-కోర్లకే (ప్రాసెసర్‌లోని వేగమైన కోర్లు; నెమ్మదైనవి ఈ-కోర్లు) కట్టేసినా తేడా లేదు.

అప్పుడు యంత్రం లోపలి కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో టూల్‌లో లాగింగ్ 500 మిల్లీసెకన్లకు పెట్టి, దాని పక్కన ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) గ్రాఫ్ పెట్టి చూస్తే అసలు రంగు బయటపడింది. మామూలప్పుడు ఫ్రేమ్‌టైమ్ 5.2 మిల్లీసెకన్లు, ఆ రెండు మూడు సెకన్లలో 48–52. అదే క్షణంలో పీ-కోర్లు, ఈ-కోర్లు అన్నీ కలిసి 0.4 గిగాహెర్ట్జ్‌కి పడిపోతున్నాయి. ప్రాసెసర్ వేడి అప్పటికి 78 డిగ్రీలే, కార్డు 69. వేడెక్కి తగ్గడమైతే క్లాక్ 4 నుంచి 3.2కో, 2.8కో మెల్లగా దిగుతుంది. ఒక్క దెబ్బకి 0.4 అంటే అది వేడి కాదు. ప్రాసెసర్ బయటి నుంచి ఎవరో బ్రేక్ తొక్కుతున్నారు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్ అనే గుంపు విప్పితే ‘ఐఏ: ప్రాచాట్’ అన్న వరుస సరిగ్గా ఆ సెకన్లలోనే ‘యెస్’ అంటోంది. ప్రాసెసర్ పవర్ పరిమితులైన పీఎల్1, పీఎల్2 వరుసలు కిమ్మనడం లేదు. ప్రాచాట్ అనేది ప్రాసెసర్‌ని నెమ్మదించమని చెప్పే, రెండు వైపులా పనిచేసే తీగ. ప్రాసెసర్ తనంతట తాను వేడెక్కినా లాగుతుంది, మదర్‌బోర్డు మీద ఇంకో చిప్పు కూడా లాగగలదు. ఇక్కడ ప్రాసెసర్ చల్లగానే ఉంది. కాబట్టి లాగుతున్నది బోర్డే.

బోర్డు మీద అనుమానించదగినవి రెండు: వోల్టేజ్ రెగ్యులేటర్లు వేడెక్కడం, లేదా ఛార్జర్ మీద భారం మించడం. మొదటిదే నిజమైతే బాగుండేది, రెండు థర్మల్ ప్యాడ్లతో పోయేది. ల్యాప్‌టాప్ వెనక వైపు 3 సెంటీమీటర్లు ఎత్తి, కింద నుంచి పెద్ద ఫ్యాన్ పెడితే ప్రాసెసర్ 78 నుంచి 71కి దిగింది. జబ్బు మాత్రం పదకొండో నిమిషంలోనే వచ్చింది. ఛార్జర్ ఇటుక మీదికి ఫ్యాన్ తిప్పినా అంతే. ప్రాసెసర్‌ని పిండే సినీబెంచ్ ఒక్కటే అరగంట నడిపితే ఏమీ లేదు. గ్రాఫిక్స్ కార్డుని పిండే ఫర్‌మార్క్ ఒక్కటే అరగంట, ఏమీ లేదు. రెండూ కలిపి నడిపితే మళ్లీ ప్రాచాట్. అంటే విడివిడిగా ఎవరూ దోషి కాదు, కలిస్తేనే గొడవ.

ప్లగ్గు దగ్గర వాట్‌మీటర్ పెట్టాక తీగ లాగితే డొంకంతా కదిలింది. ఫ్రేమ్ పరిమితి లేకుండా ఆడుతున్నప్పుడు మీటర్ 136 వాట్ల దగ్గర అతుక్కుపోయింది. అటు 137 కాదు, ఇటు 135 కాదు. ఛార్జర్ సామర్థ్యం 88 శాతం చొప్పున వేసుకుంటే బయటికి వచ్చేది దాదాపు 120 వాట్లు. అంటే 20 వోల్ట్, 6 ఆంప్ ఛార్జర్ చివరి చుక్క వరకు ఇచ్చేస్తోంది. అదే సమయంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో బ్యాటరీ ఛార్జ్ రేట్ మైనస్ 14 వాట్లు. ఛార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ కరుగుతోంది! మొత్తం 134 వాట్లు: ప్రాసెసర్ 52, కార్డు 55, తెర, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు, రెగ్యులేటర్ల నష్టం కలిపి మిగతా 27.

ఇప్పుడు పదకొండు నిమిషాల లెక్క చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ 100 నుంచి కాస్త దిగగానే మళ్లీ ఛార్జింగ్ మొదలుపెట్టవు. 95 దగ్గరికి వచ్చేదాకా ఆగుతాయి. 52 వాట్-అవర్లలో 5 శాతం అంటే 2.6. దాన్ని 14 వాట్లతో భాగిస్తే 11.1 నిమిషాలు. అంటే పదకొండో నిమిషంలో బ్యాటరీ 95కి చేరుతుంది, ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ఛార్జింగ్ మొదలుపెట్టబోతుంది, అప్పటికే నిండు భారంతో ఉన్న ఛార్జర్ మీద ఇంకో లోడు పడుతుంది, కరెంటు హద్దు దాటుతుంది, ప్రాచాట్ లాగుతుంది.

లెక్క నిజమో కాదో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. బ్యాటరీ 60 శాతం ఉన్నప్పుడు ఆట మొదలెడితే జబ్బు వెంటనే రావాలి. రెండు నిమిషాల్లోపే వచ్చింది. రెండోది ఇంకా బాగుంది: కంపెనీ యాప్‌లో ఛార్జింగ్ పరిమితి 80కి పెట్టి, బ్యాటరీ 90 ఉండగా మొదలెట్టడం. అప్పుడు 75కి దిగేదాకా ఛార్జింగ్ ఊసు ఉండదనుకుంటే, 15 శాతం, అంటే 7.8 వాట్-అవర్లు, 33 నిమిషాలు పట్టాలి. 31వ నిమిషంలో మొదటి కుదుపు వచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ఆ 40 సెకన్ల వ్యవధి సంగతి ఊహే. కరెంటు హద్దు దాటినప్పుడు ప్రాచాట్ లాగే పిన్ను బ్యాటరీ ఛార్జింగ్ కంట్రోలర్ చిప్పుల్లో ఉంటుంది. అది లాగగానే ప్రాసెసర్ 0.4కి పడుతుంది, మీటర్ 60 వాట్లకు దిగుతుంది, ‘అమ్మయ్య, ఖాళీ దొరికింది’ అని వదిలేస్తుంది. ఛార్జింగ్ ఆపి, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ‘కాసేపు’ టైమరే 40 సెకన్లు అయ్యుండాలి. ముందు ఛార్జింగ్ కరెంటు తగ్గించి చూడకుండా నేరుగా ప్రాసెసర్ పీక ఎందుకు నొక్కుతుందో ఆ ఫర్మ్‌వేర్ రాసినవాళ్లే చెప్పాలి. తాజా బయోస్ వేసినా మారలేదు.

ప్రాసెసర్ సెట్టింగులు మార్చే థ్రాటిల్‌స్టాప్ టూల్‌లో బీడీ ప్రాచాట్ (బయటి నుంచి ప్రాచాట్ లాగనిచ్చే సెట్టింగ్) టిక్ తీసేస్తే పోతుందని చాలామంది సలహా ఇస్తారు. పోతుంది, కానీ అది ఫ్యూజు తీసి తీగ చుట్టడం లాంటిది. ఛార్జర్ నిజంగానే హద్దులో ఉన్నప్పుడు ఆ రక్షణ తీసేస్తే ఛార్జర్ తనంతట తాను ఆగిపోవచ్చు, లేదా ఇంకేదైనా కాలవచ్చు. పైగా లోపాలున్న హార్డ్‌వేర్ డ్రైవర్లను వాలరెంట్‌తో వచ్చే మోసాల నిరోధక ప్రోగ్రామ్ వ్యాన్‌గార్డ్ అడ్డుకుంటుంది. ఇలాంటి టూల్ వేసుకుంటే గేమ్ తెరుచుకోకపోయినా ఆశ్చర్యం లేదు.

పనిచేసిన మందులు వేరే ఉన్నాయి. గేమ్‌లోనే ఫ్రేమ్ పరిమితి 144కి పెడితే మీటర్ 112 (ఛార్జర్ నుంచి 98 వాట్లు), గంటసేపు ఆడినా కుదుపు లేదు. అయితే ఇది బ్యాటరీ నిండుగా ఉంటేనే. ఛార్జింగ్‌కి ఇంకో 30 వాట్లు కలిస్తే 128 అవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పరిమితి 120 అయితే మీటర్ 98, ఛార్జర్ మీద 86. ఛార్జింగ్ కలిపినా 116. కాబట్టి బ్యాటరీ ఎంత ఉన్నా ఇబ్బంది లేదు. ప్రాసెసర్ మ్యాక్సిమమ్ స్టేట్ 99 శాతం పెట్టే చిట్కా మాత్రం వద్దు. టర్బో మొత్తం పోయి పీ-కోర్లు 2 గిగాహెర్ట్జ్ దగ్గర కూలబడతాయి, కుదుపులు పోయినా ఆట చప్పబడిపోతుంది.

అన్నిటికంటే నచ్చింది, పేరుకి తక్కువ మోడ్. కంపెనీ యాప్‌లో పర్ఫార్మెన్స్ నుంచి బ్యాలెన్స్‌డ్‌కి మారిస్తే ప్రాసెసర్ 35 వాట్ల దగ్గర ఆగుతుంది. మొత్తం 117, బ్యాటరీ నిండుగా ఉంటే కరగదు. సగటు 191 నుంచి 178కి తగ్గింది, 1 శాతం లో మాత్రం 119. తెర 144 హెర్ట్జ్‌దే కాబట్టి ఆ పోయిన 13 ఫ్రేములకు ఏడవాల్సింది లేదు. ‘పర్ఫార్మెన్స్’ బటన్ నొక్కితే ఆట పాడవడం, ‘బ్యాలెన్స్‌డ్’ నొక్కితే బాగుపడడం చూస్తే ఆ పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక మీదట ఏ చవక గేమింగ్ ల్యాప్‌టాప్ చూసినా కార్డు పేరు కంటే ముందు ఛార్జర్ మీది అంకె చూడాలి. ప్రాసెసర్‌కి 45, కార్డు గరిష్ఠ పవర్, మిగతా వాటికి 25 కలపండి. ఆ మొత్తం ఛార్జర్ వాట్ల కంటే తక్కువ ఉండాలి. ఈ యంత్రానికి 45, 60, 25 కలిపితే 130, ఛార్జర్ 120. కాగితం మీదే తప్పింది. కార్డు గరిష్ఠ పవర్ ప్రకటనల్లో తరచూ కనబడదు. యంత్రం చేతికొచ్చాక ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ కార్డు 35 నుంచి 80 వాట్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు, పెట్టె మీద పేరు మాత్రం ఒకటే.

పేర్ల గోల ఏఎమ్‌డీలోనూ తక్కువేం కాదు. రైజెన్ 5 7520యూ అంటే కొత్తదే అనిపిస్తుంది, లోపల ఉన్నది పాత జెన్ 2 (జెన్ అంటే ఏఎమ్‌డీ ప్రాసెసర్ డిజైన్ పేరు, అంకె దాని తరం), నాలుగు కోర్లు, చిన్న రేడియాన్ 610ఎమ్. నేతిబీరకాయలో నెయ్యి ఉన్నట్టే. ఆ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడండి: 2 అయితే జెన్ 2, 3 అయితే జెన్ 3 లేదా 3 ప్లస్, 4 అయితే జెన్ 4. ఈ గేమ్‌కి 2 వద్దు.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకి ఒక్క మాట: విండోస్ 11లో వ్యాన్‌గార్డ్‌కి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే వ్యాన్ 9001 ఎర్రర్ వస్తుంది. డబ్బు ఇచ్చేముందే బయోస్‌లోకి వెళ్లి చూడండి.

తర్వాతి పని: ఇదే మోడల్ పై వేరియంట్‌తో వచ్చే 20 వోల్ట్, 7.5 ఆంప్ ఛార్జర్ పెట్టి చూడడం. వోల్టేజ్, పిన్ను ఒకటే. ప్రశ్న ఏమిటంటే బోర్డు దాన్ని 150 వాట్ల ఛార్జర్‌గా గుర్తిస్తుందా, లేక హద్దు 6 ఆంప్ దగ్గరే రాసిపెట్టి ఉందా. కొన్ని కంపెనీల ఛార్జర్లలో మధ్య పిన్ను ద్వారా వాటేజ్ చెబుతారు. చెప్పేది అందకపోతే ఆ ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్‌ని నేలకి తొక్కేస్తాయి. పెట్టగానే మీటర్ 136 దాటి వెళ్తే గుర్తించినట్టు, అక్కడే ఆగితే లేనట్టు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అది కుదరకపోతే రెండో అభ్యర్థి సిద్ధం: రైజెన్ 5 7535హెచ్‌ఎస్, 45 వాట్ల ఆర్‌టీఎక్స్ 2050, 120 వాట్ల ఛార్జర్. 45, 45, 25 కలిపితే 115, హద్దులోనే ఉంది. 2050కి మెమరీ బస్ 64 బిట్లే కాబట్టి వేరే పెద్ద గేములకి 3050 ముందు తేలిపోతుంది, వాలరెంట్‌కి మాత్రం పెద్దగా అడ్డు కాకూడదు. దాని మీద మొదట చేసేది ఎఫ్‌పీఎస్ కొలవడం కాదు. బ్యాటరీ 40 శాతానికి దింపి, ఛార్జర్ పెట్టి, పరిమితి లేకుండా అరగంట ఆడి ప్రాచాట్ వరుస ‘నో’ దగ్గరే ఉందో లేదో చూడడం.