లిఫ్ట్‌లో హస్కీ

లిఫ్ట్ తలుపు తెరుచుకునేసరికి మూడో అంతస్తు వాళ్ల హస్కీ కుక్క లోపల బోర్లా పడుకుని ఉంది, నాలుక వేలాడేసి, పొట్ట మొత్తం చల్లటి గచ్చుకి ఆనించి. దిగమంటే దిగదు. వాళ్లబ్బాయి "రా నాన్నా, ఏసీ వేస్తా" అని బతిమాలుతున్నాడు.

సైబీరియాలో మంచు మీద బళ్లు లాగడానికి పెంచిన జాతి అది. ఒంటి మీద రెండు పొరల బొచ్చు, మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. హైదరాబాద్ మే ఎండలో దానికేం సుఖం, వాళ్లకేం సుఖం?

మా చెల్లేమో పిల్లలు కుక్క కావాలని గొడవ చేస్తున్నారని పగ్ చూస్తోంది. చిన్నది కదా, ఫ్లాట్‌కి సరిపోతుందట. ఆ నొక్కుకుపోయిన మూతితో మామూలప్పుడే ఊపిరాడక గురక పెడుతుందే, ఎండాకాలం ఎలాగే అంటే వినదు. పోనీ ల్యాబ్రడార్ అంటే రోజూ బాగా పరిగెత్తించాలి, లేకపోతే లావెక్కిపోతుంది, సోఫాలూ మిగలవు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో ఎవరు తిప్పుతారు? బీగిల్‌ని ఒంటరిగా వదిలితే ఊళలు, పక్క ఫ్లాట్ వాళ్లతో పంచాయితీ.

నన్నడిగితే మన వీధి కుక్కపిల్లే నయం. పొట్టి బొచ్చు, ఈ ఎండలకి అలవాటైన ఒళ్లు. టీకాలు, నడక దానికీ తప్పవనుకోండి.

"చూడ్డానికి బాగుండొద్దూ?" అంది చెల్లి. మా సందులో నల్లకుక్క ఈనింది, చెల్లిని ఆదివారం వాళ్ల పిల్లల్ని తీసుకుని రమ్మన్నాను.