రాయిని ల్యాబ్‌కి పంపాకే అసలు సంగతి తెలిసింది

మొదటిసారి కిడ్నీలోని రాయి మూత్రంలో పడిపోయినప్పుడు దాన్ని చూడనైనా చూడలేదు. నొప్పి తగ్గింది, అంతే చాలనుకున్నాను. కాల్షియం వల్లే రాళ్లు వస్తాయని నలుగురూ అంటే నమ్మి, రెండేళ్లు పాలు, పెరుగు మానేశాను. అయినా మళ్లీ వచ్చింది.

ఈసారి డాక్టర్ గారు, "రాయి దొరికితే తీసుకురండి. అది ఏ రకమో తెలియకుండా మందేం రాయమంటారు?" అన్నారు. అప్పటినుంచి ప్రతిసారీ మూత్రాన్ని సన్నటి జాలీలో వడగట్టాను. ఐదో రోజు తెల్లవారుజామున జాలీలో ఏదో కదిలింది. ఆవగింజకన్నా కాస్త పెద్దది, నారింజ రంగులో ఉంది. రాత్రంతా నన్ను నేలమీద పొర్లించింది ఇదా అని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఎక్కడ పోతుందోనని కాగితం మీద పెట్టి టేప్ అంటించాను. అదే పొరపాటు. ల్యాబ్‌లో ఆవిడ దాన్ని ఓపిగ్గా ఒలిచి శుభ్రం చేస్తూ, జిగురు అంటుకుంటే అది కూడా పరీక్షలో కనబడుతుందని చెప్పారు. మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, పొడి డబ్బాలో వేస్తే చాలట. శరీర భాగాలను నిల్వచేసే ఫార్మలిన్ ద్రవంలో వేయకూడదు.

రాయిని మెత్తగా నూరి, ఆ పొడి మీద పరారుణ కిరణాలు పంపుతారు. ఏ పదార్థం ఏ తరంగాలను పీల్చుకుంటుందో ముందే తెలుసు కాబట్టి, వచ్చిన గ్రాఫ్‌ను తెలిసిన గ్రాఫ్‌లతో పోల్చి చూస్తారు. ఒకటి రెండు మిల్లీగ్రాముల పొడి సరిపోతుంది. రసాయనాలు కలిపి చూసే పాత పద్ధతికి రాయి ఎక్కువ కావాలి, పైగా రాళ్లలో ఎక్కువగా కనబడే కాల్షియం ఆక్సలేట్‌లోని రెండు రకాలను అది వేరుచేసి చెప్పలేదు. రాయి పెద్దదైతే నడిమి భాగాన్ని, పైపొరను విడిగా పరీక్షిస్తారు. మొదలైంది దేనితోనో నడిమి భాగమే చెబుతుంది కదా!

నా రిపోర్ట్: యూరిక్ యాసిడ్ 90 శాతం, కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ (ఆ రెండు రకాల్లో ఒకటి) 10 శాతం. యూరిక్ యాసిడ్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో కనబడవట; నా రాయి సీటీ స్కాన్‌లోనే ఎందుకు కనబడిందో అప్పుడు అర్థమైంది. నా మూత్రంలో ఆమ్లగుణం ఎక్కువ, అందుకే యూరిక్ యాసిడ్ రాయి కడుతోంది, చిక్కంతా అక్కడే. పాలు మానడం వల్ల ఒరిగిందేమీ లేదు. కాల్షియం ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లు కూడా కాల్షియం మానకూడదట, అది పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి. ఈ మాట రెండేళ్ల ముందు ఎవరూ చెప్పలేదన్న బాధ నాకింకా పోలేదు.

ఆ ఆమ్లగుణం తగ్గించడానికి పొటాషియం సిట్రేట్ రాశారు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమన్నారు. మూత్రంలో స్ట్రిప్ ముంచి పీహెచ్ చూసుకోవాలి; ఆ అంకె ఎంత తక్కువుంటే ఆమ్లగుణం అంత ఎక్కువ. మొదటి రోజు 5 ఉంది. 6.5 నుంచి 7 మధ్య ఉండాలి. మరీ పెరిగితే కాల్షియం ఫాస్ఫేట్ అనే మరో రాయి పదార్థం పేరుకునే ప్రమాదం ఉంది.

ఎడమ కిడ్నీలో ఇంకో 5 మిల్లీమీటర్ల రాయి మిగిలి ఉండేది. మూడు నెలల తర్వాత స్కాన్‌లో అది లేదు. నొప్పి లేకుండా, ఆపరేషన్ లేకుండా కరిగిపోయింది. స్ట్రిప్ ఇప్పటికీ రోజూ చూసుకుంటున్నాను. ఈ ఉదయం 6.5.