రాతప్రతి చేతికొచ్చిన దగ్గర్నుంచి బిల్లు అందేదాకా: ఫ్రీలాన్స్ ఎడిటర్‌గా నా అనుభవం

ఫ్రీలాన్స్ ఎడిటింగ్‌లో ఇబ్బందులు చాలావరకు మొదటి దిద్దుబాటుకు ముందే మొదలవుతాయి. పని ఎంతుందో సరిగ్గా అంచనా కట్టి, ఏం చేస్తామో ఏం చెయ్యమో రాసిపెట్టుకుంటే మిగతాది చాలా తేలికవుతుంది. 60,000 పదాల నవల వచ్చిందనుకుని నేను పనిచేసే వరస చెబుతాను.

"మా నవల ఎడిట్ చెయ్యడానికి ఎంత తీసుకుంటారండీ?" అని అడగ్గానే అంకె చెప్పను. ఫైల్ మొత్తం పంపమంటాను. చాలామంది మొదటి అధ్యాయం ఒక్కటే పంపుతారు. అది రచయిత మళ్లీ మళ్లీ చదివి దిద్దుకున్నది కాబట్టి నున్నగా ఉంటుంది. అసలు పని నడిమి అధ్యాయాల్లో ఉంటుంది. అక్కణ్ణుంచి 1,000 పదాలు తీసుకుని, టైమర్ పెట్టుకుని, నిజం పని చేసినంత శ్రద్ధగా దిద్దుతాను. దానికి 50 నిమిషాలు పడితే మొత్తానికి మొదటి విడత 50 గంటలు. రెండో విడతకు అందులో సగం, 25. రచయిత జవాబులు చూసి ఫైల్ శుభ్రం చెయ్యడానికి ఇంకో 5. వెరసి 80 గంటలు.

రోజుకు 8 గంటల చొప్పున 10 రోజుల్లో ఇస్తామని మాటిస్తే ఇక అంతే. దిద్దే కన్ను చురుగ్గా ఉండేది రోజుకు 4 గంటలు. ఆ తర్వాత చదువుతూనే ఉంటాం గానీ తప్పు కనబడదు, మెదడే దాన్ని సరిచేసుకుని చదివేస్తుంది. కాబట్టి 20 పనిదినాలు, పైన నాలుగైదు రోజుల వెసులుబాటు అడుగుతాను. రచయితకు పదానికింత అని చెప్పినా నా లోపలి లెక్క గంటకే. ఆ గంట రేటులోనే డబ్బు రాని గంటలు కూడా ఇమడాలి: మెయిళ్లు, అంచనాలు, ఖాతాలు, పన్ను, జ్వరమొచ్చిన రోజులు. జీతగాడి గంట కూలితో పోల్చి రేటు పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలదు.

తర్వాత ఒప్పందం. ఒక పేజీ మెయిల్ చాలు, కానీ ఉండి తీరాలి. అచ్చుతప్పులు మాత్రమే చూస్తానా, వాక్యం కూడా సవరిస్తానా, కథ నడకపై సలహా ఇస్తానా అన్నది అందులో స్పష్టంగా రాస్తాను. ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి, ఎందుకంటే "ఒకసారి చూసిపెట్టండి" అనే మాటకు ఎవరి అర్థం వాళ్లకుంటుంది. ఏ తేదీ ఫైల్, ఎన్ని పదాలు, ఎన్ని విడతలు, తర్వాత చేర్చిన అధ్యాయాలకు విడిగా ఎంత, సగం అడ్వాన్స్, మిగతా సగం ఎప్పుడు అన్నవి కూడా ఉంటాయి. అడ్వాన్స్ అందాకే తేదీలు ఖాయం చేస్తాను.

ఫైల్ తెరిచాక ముందుగా అసలు ప్రతిని ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో దాచేస్తాను. తెలుగు రాతప్రతి పాత అను ఫాంట్లలో (ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు ఆకారాలు తగిలించిన డీటీపీ ఫాంట్లు) ఉంటే, ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాకే పని మొదలవుతుంది. కన్వర్టర్‌ను ఫైల్ మొత్తం మీద గుడ్డిగా నడిపితే మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు కూడా అర్థంలేని తెలుగు అక్షరాలైపోతాయి. ఒత్తులు, కొటేషన్ గుర్తులు కూడా చెదురుతుంటాయి. అందుకని మార్చిన ఫైల్‌ను పాత పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చూసుకోవాలి. ఈ సమయం కూడా అంచనాలో ఉండాల్సిందే.

రెండేసి ఖాళీలు, అనవసరపు ట్యాబులు తీసెయ్యడం ట్రాక్ చేంజెస్ (చేసిన ప్రతి మార్పునూ ఫైల్లో గీతలతో చూపించే సదుపాయం) ఆపి చేస్తాను, ఆ మాట రచయితకు చెబుతాను. లేదంటే వందల ఎర్ర గీతల్లో అసలు మార్పులు మరుగున పడిపోతాయి. తర్వాత ట్రాకింగ్ పెట్టి, తప్పున్న పదాన్ని మొత్తంగా తిరగరాస్తాను. 'తిసుకుని'ని 'తీసుకుని' చెయ్యడానికి గుడి ఒక్కటే చెరిపి దీర్ఘం పెడితే, గుడి అక్షరం నుంచి విడిపోయి చుక్కల సున్నా మీద వేలాడుతూ కనబడుతుంది. రచయితకు అది చదవడమే రాదు.

ఇంకో చిక్కు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్కపక్క అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో అది ఉండాల్సిందే, కానీ కొన్ని కీబోర్డులు మాట చివర కూడా దాన్ని వదిలేస్తాయి. అప్పుడు చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు మాటలు వెతుకులాటలో వేరు వేరుగా లెక్కకు రావచ్చు. ఫైండ్‌కు అంతా దొరికిందని నమ్మేస్తే కొన్ని తప్పులు అలాగే ఉండిపోతాయి.

మొదటి విడతలో చేతి పక్కనే స్టైల్ షీట్, అంటే ఏ మాట ఎలా రాయాలో రాసుకునే పట్టిక, ఉంటుంది. ఒకే మాట రెండు రకాలుగా కనబడుతుంటుంది: వాళ్ళు, వాళ్లు, చేసాడు, చేశాడు, కూర్చొని, కూర్చుని, బ్యాంకు, బ్యాంక్. రచయిత ఎక్కువగా వాడిన రూపాన్నే ఎంచుకుని షీట్‌లో రాసుకుంటాను, మరీ తప్పయితే తప్ప. పాత్రల పేర్లు, వయసులు, చుట్టరికాలు, ఊళ్లు, తేదీలు కూడా అందులోనే. కథకుడి భాషను ఒక దారికి తెస్తాను, సంభాషణల్లోని యాసను మాత్రం ముట్టుకోను. పాత్ర నోటి మాటను పుస్తక భాషలోకి దిద్దడం నా దృష్టిలో ఎడిటింగ్ కాదు, నష్టం చెయ్యడం.

సందేహం వస్తే కామెంట్ ఇలా పెడతాను: "3వ అధ్యాయంలో రాఘవ సీతకు అన్న. 9వ అధ్యాయంలో ఆమె కంటే రెండేళ్లు చిన్న. ఏది ఉంచమంటారు? అన్న అయితే ఇక్కడ రెండు వాక్యాలు మారతాయి, సవరించి కింద పెట్టాను." ఎక్కడ, ఏమిటి, మార్గం ఏమిటి అనే మూడూ ఉంటే రచయిత ఒక్క మాటలో జవాబిస్తారు. "ఇక్కడ స్పష్టత లేదు" అని ఊరుకుంటే జవాబు రాదు, వచ్చినా కోపంతో వస్తుంది.

రెండో విడతకు ముందు రెండు మూడు రోజులు ఆ ఫైల్ తెరవను. తెరిచాక అక్షరం సైజు, ఫాంట్ మార్చి, సంభాషణలు పైకి చదువుతాను. మొదటిసారి మనమే వాక్యం మార్చి క్రియ మార్చడం మరిచిన చోట్లు ఈ విడతలోనే దొరుకుతాయి.

మార్పులు కనబడే ఫైల్, ఆ మార్పులన్నీ కలిపేసి గీతలు తీసేసిన శుభ్రమైన ఫైల్, స్టైల్ షీట్ మూడూ కలిపి పంపుతాను. కామెంట్లకు జవాబులు ఒక్కసారే, ఒకే ఫైల్‌లో ఇవ్వమంటాను. ఫోన్లో కొన్ని, వాట్సాప్‌లో కొన్ని వస్తే ఏదో ఒకటి జారిపోతుంది. స్టైల్ షీట్ పేజీలు కట్టేవాళ్లకు కూడా వెళ్లాలి, అక్కడ ఎవరైనా 'వాళ్లు'ను మళ్లీ 'వాళ్ళు' చేసే ప్రమాదం ఉంది.

ఇన్‌వాయిస్ పని అప్పగించిన రోజే పంపుతాను. నంబరు, తేదీ, పుస్తకం పేరు, పదాల సంఖ్య, ముట్టిన అడ్వాన్స్, బాకీ, చెల్లించాల్సిన గడువు తేదీ. "వీలైనంత త్వరగా" అని రాస్తే గడువే లేనట్టు. గడువు దాటిన మర్నాడు అదే ఇన్‌వాయిస్ జోడించి రెండు వాక్యాల్లో మర్యాదగా గుర్తుచేస్తాను, వారం తర్వాత ఫోన్ చేస్తాను. బాకీ తీరేదాకా అదే రచయిత తర్వాతి పుస్తకానికి తేదీ ఇవ్వను.