నా సంగతి వదిలేయండి

గురువారం, రాత్రి పది దాటింది.

ఈరోజు సూపర్‌విజన్, అంటే థెరపిస్టుగా నేను చూసే కేసుల గురించి ఒక సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకోవడం. పదిహేను రోజులకోసారి తార్నాకలో మేడమ్ గారింటికి వెళ్తాను. పొద్దున రెండు సెషన్లు ముగించుకుని మెట్రో ఎక్కాను. ఏ కేసు చెప్పాలో ముందే తెలుసు. నాలుగు వారాలుగా నా మనసులోంచి పోని పెద్దావిడ కేసు.

ఆవిడ పేరు, ఊరు ఇక్కడ కూడా రాయను. కొన్ని వివరాలు మార్చాను. మేడమ్ దగ్గరా ఆవిడ ‘పెద్దావిడ’ మాత్రమే. ఇలా చర్చిస్తానని మొదటి రోజే చెప్పి, ఆవిడ సరేనన్నాకే పని మొదలుపెట్టాను. భర్త పోయి ఏడాది. ఆయన మాట రాగానే కొంగు సర్దుకుని, “నా సంగతి వదిలెయ్యమ్మా. నువ్వు తిన్నావా? మొహం అలా వాడిపోయిందేం?” అంటారు. “తిన్నానండీ” అంటాను. ఇక మిగతా సెషనంతా కోడలి ఉద్యోగం, మనవడి ట్యూషన్లు.

మేడమ్ అంతా విని, “ఆవిడ అలా అడిగినప్పుడు నీకేమనిపిస్తుంది?” అన్నారు.

“నా సంగతి వదిలేయండి మేడమ్. ఆవిడ చేత మాట్లాడించడానికి ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి.”

మేడమ్ పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టారు. “ఇప్పుడన్నావే, అది ఎవరి మాట?”

ఒళ్లు జల్లుమంది. కాసేపు నోట మాట రాలేదు.

మా చదువులో దీన్ని పారలల్ ప్రాసెస్ అంటారు. క్లయింటుకీ థెరపిస్టుకీ మధ్య నడిచేది, తెలియకుండానే సూపర్‌వైజర్ ముందు మళ్లీ నడుస్తుందని హెరాల్డ్ సెర్ల్స్ అనే అమెరికన్ సైకోఅనలిస్ట్ 1955లోనే రాశాడు. పరీక్షలో దీని మీద నేనూ రెండు పేజీలు రాశాను. ఈరోజు నా నోటి నుంచే వింటే గానీ అర్థం కాలేదు.

తర్వాత మేడమ్‌తో నిజం చెప్పాను. ఆవిడ అడిగిన రోజుల్లో చాలాసార్లు నేను తినలేదు. తిన్నానని అబద్ధమాడాను. ఆ అడిగే తీరులో మా అమ్మ కనిపిస్తుంది, అందుకే ఆవిడని బాధపెట్టే ప్రశ్న దగ్గరికి వెళ్లబుద్ధి కాదు. అమ్మ గురించి ఇంకా చెప్పబోతుంటే మేడమ్ మెల్లగా ఆపారు. “అది నీ థెరపిస్ట్ దగ్గర మాట్లాడుకో. ఇక్కడ ఆవిడకి ఎంతవరకు అడ్డొస్తోందో అంతే చూద్దాం.” ఆ గీత దాటనందుకే ఆమె మీద నాకంత గౌరవం.

ఆ తర్వాత నన్ను పెద్దావిడలా మాట్లాడమని, ఆమె నా స్థానంలో కూర్చున్నారు. “నా సంగతి వదిలెయ్యమ్మా” అన్నాను. “నా గురించి అడిగారు, సంతోషమండీ. మీ సంగతి మాత్రం నాకు వదిలెయ్యాలని లేదు” అని ఊరుకున్నారు. ఇంకేమీ అడగలేదు. నాకు గొంతు పూడుకుపోయింది. ఆవిడకి ఇన్నాళ్లూ నేను ఇవ్వనిది ఆ ఊరుకోవడమే.

తిరిగి వస్తుంటే మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. అక్కడ సూపర్‌విజన్ అంటే ఫైళ్లు నిండాయా లేదా చూడటమే. చచ్చిపోవాలనుందని ఒక అబ్బాయి చెప్పిన రోజు, వాళ్లింట్లోవాళ్లకి అప్పగించి వచ్చాక, నేను చేసింది సరిపోతుందా లేదా అని అడగడానికి మనిషి లేక తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను. బ్రిటన్‌లో కౌన్సెలర్ల, థెరపిస్టుల సంఘమైన బీఏసీపీ సభ్యులు ప్రాక్టీస్ చేస్తున్నన్నాళ్లూ క్రమం తప్పకుండా సూపర్‌విజన్ తీసుకోవాల్సిందే, ఎంత సీనియర్లయినా. ఇక్కడ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సులు చేసే క్లినికల్ సైకాలజిస్టులకి శిక్షణలో సీనియర్ల పర్యవేక్షణ ఉంటుంది. నన్ను మాత్రం చదువయ్యాక “నీ పని ఎవరు చూస్తున్నారు?” అని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు మేడమ్‌కిచ్చే ఫీజు కూడా నా జేబులోంచే. కొత్తగా వచ్చే పిల్లలకి అది బరువని తెలుసు. నలుగురు కలిసి గ్రూప్‌గానైనా పెట్టుకోండని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను.

శనివారం పదకొండింటికి పెద్దావిడ వస్తారు. పదిన్నరకల్లా టిఫిన్ తినేయాలి. అడిగితే నిజమే చెప్పాలి.